వేకువ నుంచి నీరెండ దాకా: సూర్యోదయాన్ని, తోటను ఒకే ఉదయంలో ఫోటో తీయడం

సూర్యోదయం ఫోటోలకు బయల్దేరేవాళ్లలో చాలామంది ఆలస్యంగా చేరతారు, తొందరగా వెనుదిరుగుతారు. పొద్దు పొడిచేది ఆరింటికని ఉంటే సరిగ్గా ఆరింటికి వస్తారు. బింబం చెట్ల పైకి రాగానే కెమెరా సర్దేస్తారు. ఆకాశంలో అసలు రంగు అంతకు పావుగంట ముందే పూసి వెలిసిపోయి ఉంటుంది. తోటలో ఆకులకు, పువ్వులకు కావలసిన నీరెండ వాళ్లు వెళ్లిపోయాక మొదలవుతుంది. అందుకే ఈ రెండింటినీ ఒకే ఉదయపు పనిగా కలుపుకోవాలి. సూర్యోదయానికి 45 నిమిషాల ముందు మొదలుపెడితే సూర్యోదయమైన గంటన్నరకు పూర్తవుతుంది. కింద చెప్పేదంతా ఆ గడియారం వరసలోనే ఉంటుంది.

ముందు రోజు చూసుకోవలసినవి

మొదట దిక్కు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండుసార్లే, మార్చి 20, సెప్టెంబరు 22-23 తేదీల ప్రాంతంలో. జూన్ వైపు వెళ్లేకొద్దీ ఉత్తరానికి, డిసెంబరు వైపు వెళ్లేకొద్దీ దక్షిణానికి జరుగుతాడు. భూమధ్యరేఖ దగ్గర ఈ జరుగుడు రెండు పక్కలా 23 డిగ్రీల పైచిలుకు. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు 38 డిగ్రీలు. రెండు చెట్ల మధ్య బింబం కుదిరిన చోటు మూడు నెలల తర్వాత పనికిరాకపోవడానికి కారణం ఇదే. ఫోటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లు ఏ తేదీన ఏ దిక్కులో ఉదయిస్తాడో మ్యాపు మీద గీత గీసి చూపిస్తాయి. ఫోన్ దిక్సూచిని మాత్రం కారు బానెట్ పక్కనో ఇనుప రెయిలింగ్ పక్కనో పెట్టి నమ్మకండి. లోహం దగ్గర అది తప్పు చూపుతుంది.

రెండోది, ఆ చోట సూర్యుడు నిజంగా కనబడే సమయం. క్యాలెండర్లో ఉండే సమయం అడ్డేమీ లేని సమతల క్షితిజానికి లెక్కకట్టినది. ఎదురుగా చెట్లో గుట్టో ఉంటే ఆలస్యమవుతుంది. ఎంతన్నది చేత్తోనే కొలవచ్చు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు తన దారిలో ఒక డిగ్రీ జరగడానికి 4 నిమిషాలు తీసుకుంటాడు. పిడికిలంత ఎత్తున చెట్ల వరస ఉంటే కనీసం 40 నిమిషాలు ఆలస్యం. భూమధ్యరేఖకు దూరంగా ఉండే చోట్ల సూర్యుడు ఏటవాలుగా ఎక్కుతాడు కాబట్టి ఇంకా ఎక్కువ. నాలుగు వైపులా గోడలున్న తోటకు ఈ లెక్క మరీ ముఖ్యం.

మూడోది మబ్బు. మబ్బే లేని ఆకాశం చూడ్డానికి బాగుంటుంది గానీ ఫోటోలో బోసిగా వస్తుంది. ఎత్తున ఈకల్లా పరుచుకున్న మబ్బులు, చేప పొలుసుల్లాంటి మబ్బులు ఆకాశంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉండి, తూర్పు అంచున ఖాళీ ఉంటే అంతకన్నా కావలసింది లేదు. క్షితిజం కింద ఉన్న సూర్యుడి వెలుగు ఆ ఖాళీలోంచి వచ్చి మబ్బుల అడుగుకు తగులుతుంది. అంత దూరం గాలిపొరల్లో ప్రయాణించేసరికి నీలం చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. తూర్పు అంచు మూసుకుపోతే మీ నెత్తిమీద ఎంత మంచి మబ్బున్నా రంగు రాదు. రాత్రి వాన కురిసి ఉదయానికి తెరిపిచ్చిన రోజులను వదులుకోవద్దు. దుమ్ము కడిగేసిన గాలిలో రంగులు తేటగా ఉంటాయి.

నాలుగోది మంచు. వాతావరణ సూచనలో కనిష్ఠ ఉష్ణోగ్రత, మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) రెండూ చూడండి. వాటి మధ్య తేడా రెండు డిగ్రీల లోపుండి, రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉంటే తోటలో మంచు బిందువులు దాదాపు ఖాయం. పొగమంచు కూడా పట్టవచ్చు.

సంచిలో ఏముండాలి

కెమెరా ఏదైనా సరే, అంతకన్నా ముందు గట్టి ట్రైపాడ్ ఉండాలి. తొలి వెలుగులో సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజర్లు ఉంటాయి, చేతితో ఆగే పని కాదు. లెన్సులు రెండు చాలు. ఆకాశానికి, తోట మొత్తానికి 24 మి.మీ. దగ్గర మొదలయ్యే వైడ్ జూమ్ ఒకటి. సూర్యబింబానికి, ఒంటరి పువ్వులకు 200 మి.మీ. దాకా వెళ్లే టెలి ఒకటి. చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్ ఉంటే మంచిదే, లేకపోతే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య తగిలించే బోలు గొట్టాలు, అంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో మొదలుపెట్టవచ్చు. 50 మి.మీ. లెన్స్ వెనక 25 మి.మీ. ట్యూబు పెడితే సెన్సర్ మీద పడే బొమ్మ వస్తువు అసలు పరిమాణంలో సగమంత అదనంగా పెరుగుతుంది. ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంత్‌తో, అంటే లెన్స్ మీది మి.మీ. అంకెతో, భాగించి చూడండి, లెక్క అంతే.

వీటితో పాటు తల దీపం (ఎర్ర కాంతి ఇచ్చేదైతే చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరవు), అదనపు బ్యాటరీ, లెన్స్ తుడిచే గుడ్డలు రెండు, మోకాళ్ల కింద వేసుకోవడానికి ప్లాస్టిక్ పట్టా, పలచటి తెల్ల గుడ్డ, ఎ4 సైజు తెల్ల అట్ట, బట్టలు ఆరేసే క్లిప్పులు నాలుగు. చివరి మూడూ తోటలో చేసే మేలు చాలా ఖరీదైన ఫిల్టర్లు కూడా చేయవు.

ఫిల్టర్లలో మొదట పోలరైజర్ కొనండి. సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు అది ఆకాశానికి చేసేదేమీ లేదు, దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఎక్కువ. కానీ తోటలో తడి ఆకుల మీది తెల్లటి మెరుపును తీసేసి పచ్చదనం బయటికి తెస్తుంది. మబ్బు పట్టిన రోజునా పనిచేస్తుంది. బదులుగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు మింగుతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది, పెరిగితే రెట్టింపు). సగం నలుపుగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ సముద్రంలాంటి సరళమైన క్షితిజానికి బాగుంటుంది. చెట్లు పొడుచుకొచ్చే చోట వాటి తలలు కూడా నల్లబడతాయి కాబట్టి అక్కడ బ్రాకెటింగే, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుతురుల్లో తీసి కలపడమే, నయం.

45 నిమిషాల ముందు: చీకట్లో అమరిక

చేరగానే కెమెరా సంచిని వెంటనే తెరవకండి. చల్లటి ఏసీ గదిలోంచో కారులోంచో వచ్చిన లెన్స్‌కు బయటి తేమగాలి తగిలితే క్షణాల్లో ఆవిరి పడుతుంది. సంచి మూసి ఉంచి 20-30 నిమిషాలు ఆగితే అద్దం మెల్లగా బయటి వేడికి వస్తుంది. ఆవిరి పట్టేసిందా, తుడుస్తూ కూర్చోవద్దు, మళ్లీ పడుతుంది. ఈ అరగంటను దారిలోనే కలిపేసుకోవాలంటే ఇంటి దగ్గరే సంచిని ముందుగా ఏసీ లేని చోట పెట్టుకోండి.

ట్రైపాడ్ లావు కాళ్లను ముందు చాచండి, సన్నవి అవసరమైతేనే. మధ్య కడ్డీ పైకి లేపితే చిన్న గాలికే ఊగుతుంది. నేల మెత్తగా ఉంటే కాళ్లను అదిమి గుచ్చండి. లెన్స్‌లో వణుకు తగ్గించే మీట ఉంటే చాలా మోడళ్లలో ట్రైపాడ్ మీద ఆపేయడమే మంచిది. కదలిక లేనిచోట వెతుక్కుంటూ అదే కదలిక పుట్టించవచ్చు. షట్టర్ బటన్‌ను వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి.

చీకట్లో ఆటోఫోకస్ తడుముకుంటుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, దూరపు దీపాన్నో ప్రకాశవంతమైన చుక్కనో పెద్దది చేసి చూస్తూ చేత్తో ఫోకస్ చేసి, మీటను మాన్యువల్‌కు మార్చండి. దగ్గరలో పూలమొక్క, వెనక ఆకాశం రెండూ స్పష్టంగా రావాలంటే ఫోకస్‌ను అనంతానికి కాక కాస్త దగ్గరికి తేవాలి. ఫుల్ ఫ్రేమ్ (36 మి.మీ. వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాలో 24 మి.మీ., ఎఫ్ 11 ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) దగ్గర 1.75 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే సుమారు 0.9 మీటర్ల నుంచి అనంతం దాకా చాలినంత స్పష్టత వస్తుంది. 16 మి.మీ. అయితే 0.8 మీటర్లు చాలు. ఇవి మామూలు సైజు ప్రింటుకు సరిపోయే లెక్కలు. గోడంత ప్రింటు వేసేవాళ్లు ఫోకస్‌ను ఇంకాస్త వెనక్కి జరిపి, ముందున్న మొక్కను కొంచెం దూరంగా ఉంచుకోవాలి.

మొదటి సెట్టింగులు: రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఉంచే ముడి ఫైలు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్ 8, షట్టర్ 2 నుంచి 8 సెకన్ల మధ్య. రంగుల వెచ్చదనాన్ని నిర్ణయించే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకండి. ఆకాశంలో ఎరుపు ఎక్కువగా ఉందని కెమెరా దాన్ని సరిచేయాలనుకుంటుంది, మీరు చూసిన రంగు కాస్తా వెలవెలబోతుంది. డేలైట్‌లో, అంటే దాదాపు 5200-5500 కెల్విన్ దగ్గర నిలపండి.

స్క్రీన్ వెలుగు కూడా తగ్గించాలి. చీకట్లో చూస్తే నల్లటి ఫోటో కూడా తెల్లగా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది, ఇంటికొచ్చి చూసుకుంటే అంతా మసిగా ఉంటుంది. కంటిని కాక హిస్టోగ్రామ్‌ను (ఎడమ నుంచి కుడికి చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫును) నమ్మండి. గుట్ట కుడిగోడకు గుద్దుకోకుండా, దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి.

30 నుంచి 5 నిమిషాల ముందు: రంగు పూసే వేళ

సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీలు కిందికి వచ్చినప్పుడు నీలి వెలుగు దట్టంగా ఉంటుంది. తోట దారుల్లో దీపాలుంటే వాటి పసుపు, ఆకాశపు నీలం సమానంగా తూగేది ఈ పది నిమిషాలే. ఆ తర్వాత ఎత్తైన మబ్బులు అంచు నుంచి కందడం మొదలవుతుంది. మంచి ఉదయాల్లో ఎరుపు ముదిరేది సూర్యోదయానికి 10-20 నిమిషాల ముందు. అది ఐదు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు, కాబట్టి ఆ సమయంలో లెన్సులు మార్చే పని పెట్టుకోకండి.

వెలుతురు నిమిష నిమిషానికీ పెరుగుతుంది, ఇప్పుడు సరిపోయిన షట్టర్ ఇంకో రెండు నిమిషాలకు ఎక్కువవుతుంది. ప్రతి నాలుగైదు ఫోటోలకు ఒకసారి హిస్టోగ్రామ్ చూసి షట్టర్ మాత్రమే మార్చండి. ఎపర్చర్, ఐఎస్ఓ కదిలించవద్దు. నేలకు, ఆకాశానికి తేడా ఎక్కువగా ఉంటే రెండు స్టాపుల ఎడంతో మూడు ఫోటోల బ్రాకెట్ పెట్టండి: ఒకటి సరిగ్గా, ఒకటి రెండు స్టాపులు తక్కువ, ఒకటి రెండు ఎక్కువ. గాలికి ఊగే కొమ్మలున్న చోట మూడింటినీ కలిపితే ఆకులు దయ్యాల్లా రెండు మూడుగా కనిపిస్తాయి. అలాంటప్పుడు ఒక్క రా ఫైలుతోనే సరిపెట్టుకుని, ఆకాశానికి సరిపడా వెలుతురిచ్చి నీడలను తర్వాత లేపుకోవడం మేలు.

ఒకసారి వెనక్కి కూడా తిరగండి. పడమటి ఆకాశంలో అడుగున మందమైన నీలిబూడిద పట్టీ, దానిమీద గులాబీ పట్టీ కనబడతాయి. కింది పట్టీ భూమి నీడ. ఈ రెండు పట్టీలూ క్షితిజం వైపు జారి మాయమయ్యే ముందు మెత్తటి వెలుగులో పడమటి వైపున్న చెట్లు, పొదలు చక్కగా వస్తాయి. తూర్పు వైపు రంగు లేని రోజున ఇదే ఆ ఉదయపు ఫోటో కావచ్చు.

సున్నా నిమిషం: బింబం

ముందు జాగ్రత్త. టెలి లెన్స్ పెట్టిన కెమెరా ఆప్టికల్ వ్యూఫైండర్లోంచి సూర్యుణ్ణి చూడకండి. లెన్స్ వెలుగును పోగుచేసి నేరుగా కంట్లోకి పంపుతుంది. లైవ్ వ్యూలోనే ఫ్రేము కట్టండి. ఆ లైవ్ వ్యూ కూడా సూర్యుడు ప్రకాశవంతమయ్యాక పెద్ద లెన్స్‌తో చాలాసేపు అలాగే ఉంచితే సెన్సర్‌కు, షట్టర్ తెరకు హాని. ఫోటోల మధ్య మూత పెట్టడం అలవాటు చేసుకోండి.

బింబం పరిమాణంలో చాలామంది నిరాశపడతారు. సూర్యుడి వెడల్పు ఆకాశంలో అర డిగ్రీయే. ఫోకల్ లెంత్‌ను దాదాపు 110తో భాగిస్తే సెన్సర్ మీద బొమ్మ ఎంతో వస్తుంది. 24 మి.మీ. లెన్స్‌తో 0.22 మి.మీ., అంటే ఫుల్ ఫ్రేమ్ వెడల్పులో సుమారు 160వ వంతు, చుక్క. 200 మి.మీ.తో 1.8 మి.మీ., ఇరవయ్యో వంతు. పెద్ద బింబం ముందు చెట్టు కావాలంటే టెలి లెన్స్ పెట్టి చెట్టు నుంచి మీరు దూరంగా నడవాలి. దూరం పెరిగేకొద్దీ చెట్టు చిన్నదవుతుంది, బింబం మాత్రం అంతే ఉంటుంది. బింబం తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలే పడుతుంది కాబట్టి నిలబడే చోటు ముందే నిర్ణయించుకోవాలి.

ఎక్స్‌పోజర్‌ను సూర్యుడి మీద కాక దాని పక్కనున్న ఆకాశం మీద స్పాట్ మీటరింగ్‌తో (చిన్న చోటు వెలుతురునే కొలిచే పద్ధతితో) కొలవండి. ఐఎస్ఓ 100, ఎఫ్ 8 దగ్గర 1/30 ప్రాంతంలో మొదలై త్వరత్వరగా పైకి వెళ్తుంది. కొమ్మల మధ్య నుంచి కిరణాలు నక్షత్రంలా చీలాలంటే ఎఫ్ 16కి వెళ్లి, బింబంలో ముప్పావు వంతు కొమ్మ చాటున దాచండి. లెన్స్ ఎపర్చర్ రేకులు సరి సంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసి అయితే రెట్టింపు వస్తాయి: 8 రేకులకు 8, 9 రేకులకు 18. ఎఫ్ 16లో సెన్సర్ మీది దుమ్ము ఆకాశంలో మచ్చలుగా తేలుతుంది, కాబట్టి ముందురోజే ఒకసారి తెల్ల గోడను ఫోటో తీసి చూసుకోండి. రక్షణకని తగిలించిన మామూలు యూవీ ఫిల్టర్‌ను ఈ సమయంలో తీసేయండి. ఫ్రేములో సూర్యుడికి ఎదురు మూలన కనబడే ఆకుపచ్చ మచ్చలు ఎక్కువగా దాని పుణ్యమే.

తోటలోకి: ఏది ముందు, ఏది తర్వాత

సూర్యుడు కనబడగానే తోటకు మళ్లండి. క్షితిజం నుంచి 6 డిగ్రీలు ఎక్కేదాకా వెలుగు పసిడిగా ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 25 నిమిషాలే. 50 డిగ్రీల అక్షాంశంలో మార్చి, సెప్టెంబరు నెలల్లో 37 నిమిషాల దాకా. ఆ తర్వాత కూడా గంటసేపు నీరెండ వాడుకోదగ్గదే. కానీ మంచు, నిశ్చలమైన గాలి మాత్రం ఆగవు. నేల వేడెక్కేకొద్దీ గాలి లేస్తుంది. అందుకని కరిగిపోయేవి ముందు, నిలిచేవి తర్వాత.

మొదట సాలెగూళ్లు, మంచు బిందువులు, చలికి కదలలేక కొమ్మలను పట్టుకుని ఉన్న సీతాకోకచిలుకలు, తూనీగలు. వీటికి ఒళ్లు వెచ్చబడితేగాని ఎగరలేవు, పొద్దెక్కాక వాటి వెంట పరిగెత్తడం కన్నా ఇప్పుడు నిమ్మళంగా తీసుకోవచ్చు. కొమ్మను కదిలించకండి, పురుగును చేత్తో సర్దకండి. సాలెగూటికి సెన్సర్ సమాంతరంగా ఉంటేనే దారాలన్నీ ఫోకస్‌లో ఉంటాయి. వెలుగు వెనక నుంచో పక్క నుంచో పడి, దారాల వెనక నీడగా ఉన్న పొద ఉంటే గూడు వెలిగిపోతుంది.

ఆకుల అంచున వరసగా ముత్యాలు పేర్చినట్టు నిలిచే పెద్ద బొట్లు తరచుగా మంచు కావు, వేర్లు తాగిన నీటిని ఆకు తన అంచు రంధ్రాల్లోంచి బయటికి వదిలినవి. మంచు ఆకు పైభాగమంతా సన్నగా పరుచుకుంటుంది. ఫోటోకి ఆ అంచు బొట్లే అందం, పైగా మంచు పడని ఉదయాల్లో కూడా దొరుకుతాయి. బొట్టు చిన్న లెన్స్‌లా పనిచేసి వెనకున్న పువ్వును తలకిందులుగా చూపిస్తుంది. ఫోకస్ బొట్టు ఉపరితలం మీద కాక లోపలి బొమ్మ మీద పెట్టండి, రెండూ ఒకే దూరంలో ఉండవు.

తర్వాత వెనక వెలుగు. పలచటి పూరేకులు, లేత ఆకులు సూర్యుడికి ఎదురుగా చూస్తే లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి, ఈనెలన్నీ కనబడతాయి. లెన్స్ మీద ఎండ పడకుండా మీ చేతి నీడ అడ్డుపెట్టండి. పువ్వు వెనక చీకటి పొద ఉండేలా ఎంచుకుంటే ఆ వెలుగుకు విలువ పెరుగుతుంది. ముందు నుంచి వెలుగు పడేలా తీయాలంటే మీ నీడను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తున ఉంటే 1.7 మీటర్ల మనిషి నీడ దాదాపు 10 మీటర్లు.

తోట మొత్తాన్ని చూపే ఫోటోలు మూడోది. కాస్త ఎత్తు నుంచి, దారి వంపు కింది మూల నుంచి లోపలికి నడిపించేలా 24-35 మి.మీ., ఎఫ్ 11. గుంపు పువ్వుల మధ్య ఖాళీ మట్టి కనబడితే ఎత్తు తగ్గించండి, పువ్వుల మట్టానికి వస్తే మళ్లు కలిసిపోయి నిండుగా కనిపిస్తాయి.

ఒంటరి పువ్వులను ఆఖరికి ఉంచుకోవచ్చు, ఎండ గట్టిపడ్డా నీడ చేసుకునే వీలుంది. పలచటి తెల్ల గుడ్డను ఎండకూ పువ్వుకూ మధ్య పట్టండి, ఎంత దగ్గరగా పడితే వెలుగు అంత మెత్తన. నీడ పక్క నల్లగా ఉంటే అటువైపు తెల్ల అట్ట పెట్టి వెలుగును తిప్పండి. పువ్వులకు వాటి వేళలుంటాయి: తామర ఉదయం విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుస్తుంది, పారిజాతం వేకువకే రాలుతుంది, మందారం చాలా రకాల్లో ఒక్కరోజు పువ్వు. దాన్ని రేపు తీద్దామని వదిలేయకండి.

పువ్వుల ఫోటోలు ఎక్కడ చెడతాయి

ఎర్ర పువ్వులే ఎక్కువ మందిని మోసం చేస్తాయి. రేకుల మీది మడతలు, ఈనెలు పోయి ఎర్ర కాగితం ముక్కలా వస్తాయి. మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగుందనే చెబుతుంది, ఎందుకంటే అది మూడు రంగుల సగటు. అసలు జరిగిందేమిటంటే ఎరుపు ఒక్కటే నిండిపోయి పొంగింది. కెమెరాలో ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు గ్రాఫ్ చూడండి. కుడిగోడకు తగులుతుంటే ముప్పావు నుంచి ఒక స్టాపు తగ్గించండి. ముదురు పసుపు పువ్వులకూ ఇదే మందు. తెల్ల పువ్వు ఫ్రేమంతా నిండితే మాత్రం మీటర్ దాన్ని బూడిద రంగుగా అనుకుంటుంది, ఒక స్టాపు పెంచాలి. అదే తెల్ల పువ్వు నల్లటి ఆకుల మధ్య చిన్నగా ఉంటే తగ్గించాలి. పువ్వొకటే, ఫ్రేములో అది ఆక్రమించిన చోటును బట్టి దిద్దుబాటు తారుమారవుతుంది.

రెండోది వెనక తెర. పువ్వు ఎంత బాగున్నా వెనక పైపో, తెల్లటి బోర్డో, మెరిసే ఆకాశపు ముక్కో ఉంటే కన్ను అటే పోతుంది. కెమెరాను పది సెంటీమీటర్లు పక్కకు జరిపితే వెనకున్నదంతా మారిపోతుంది, జూమ్ చేసే ముందు ఇది చేసి చూడండి. లెన్స్‌కు పువ్వు అర మీటరు దూరంలో ఉండి, వెనక పొద మూడు మీటర్ల అవతల ఉంటే ఎఫ్ 5.6లో కూడా మెత్తగా కరిగిపోతుంది. పొద పువ్వును ఆనుకుని ఉంటే ఎఫ్ 2.8 కూడా కాపాడలేదు.

మూడోది స్పష్టత. మాక్రోలో ఫోకస్ లోతు ఎంత తక్కువో అంకెల్లో చూస్తేగాని నమ్మకం కుదరదు. ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 8 దగ్గర, అసలు పరిమాణంలో (సెన్సర్ మీది బొమ్మ వస్తువంతే ఉండేలా) తీస్తే లోతు ఒక మిల్లీమీటరే. సగం పరిమాణంలో దాదాపు 3 మి.మీ., పావు పరిమాణంలో 10 మి.మీ. దగ్గర. మీరు ఊపిరి పీల్చినంత కదలికకే ఫోకస్ తప్పుతుంది. కేసరాల కొనలూ, దగ్గరి రేకూ ఒకే తలంలో ఉండేలా సెన్సర్‌ను వాటికి సమాంతరంగా తిప్పడం ఎఫ్ 16కి వెళ్లడం కన్నా ఎక్కువ లాభం. ఎఫ్ 22 దాకా బిగిస్తే వివర్తనం (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది. మరీ లోతు కావాలంటే, గాలి అసలు లేనప్పుడు, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ 10-15 ఫోటోలు తీసి కలపండి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో ఉండాలి.

నాలుగోది గాలి. పువ్వు ఊగుతుంటే ట్రైపాడ్ ఏం చేస్తుంది? నీరెండలో ఐఎస్ఓ 400, ఎఫ్ 5.6, 1/250 దగ్గర మొదలుపెట్టి, దగ్గరి ఫోటోలకు 1/500కు పెంచండి. అందుకు ఐఎస్ఓ 800 అయినా ఫర్వాలేదు. కొద్దిపాటి గరుకుదనం ఇంట్లో తగ్గించుకోవచ్చు, ఊగిన పువ్వును ఆపలేరు. కాడను పుల్లకు క్లిప్పుతో మెత్తగా ఆనించండి, నలిపేయకుండా. గాలి వచ్చే వైపు సంచి నిలబెట్టినా చాలు. గాలి విడతలు విడతలుగా వస్తుంది. రెండు విడతల మధ్య పువ్వు నిలిచే క్షణం కోసం వేలు సిద్ధంగా ఉంచుకోవడమే ఇందులో సగం విద్య.

ఫోన్ మాత్రమే ఉంటే

లెన్స్ తుడవండి. జేబులో నలిగిన ఫోన్ లెన్స్ మీది జిడ్డే సూర్యుడి చుట్టూ మసక తెరలా కనబడేది. ఆకాశానికి ప్రధాన కెమెరానే వాడండి, చాలా ఫోన్లలో అల్ట్రావైడ్ చిన్న సెన్సర్‌తో తొలి వెలుగులో గరుకుగా వస్తుంది. సూర్యుడి పక్క ఆకాశాన్ని వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి, తర్వాత వేలు కిందికి జార్చి వెలుతురు తగ్గించండి. పువ్వులకు మాక్రో మోడ్‌లో నాలుగు సెంటీమీటర్లకు వెళ్తే ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. రెండు లేదా మూడు రెట్ల టెలి కెమెరా ఉంటే 30-50 సెం.మీ. దూరం నుంచి తీయండి, వెనక తెర కూడా మెత్తబడుతుంది. వేళ్లతో లాగే డిజిటల్ జూమ్ వద్దు.

పూర్తిగా మబ్బు పట్టిన రోజు

ఇంటికి వెళ్లిపోకండి. ముసురు వెలుగు తోటకు వరం. నీడలు లేకపోవడంతో రేకుల మీది సన్నని రంగు తేడాలన్నీ నిలుస్తాయి. ఫ్రేములో తెల్లటి ఆకాశం రానీయకుండా కెమెరాను కిందికి వంచండి, పోలరైజర్ తగిలించండి, వైట్ బ్యాలెన్స్ 6000-6500కు పెంచి చల్లదనం తగ్గించండి.

ఇంటికొచ్చాక

దిద్దడంలో వరస ముఖ్యం. ముందు క్షితిజం వంపు సరిచేయండి, తర్వాత వైట్ బ్యాలెన్స్, ఆపై వెలుగు భాగాలు తగ్గించి నీడలు లేపడం, చివరికి రంగు. రంగుతో మొదలుపెడితే తర్వాతి ప్రతి అడుగూ దాన్ని పాడుచేస్తుంది. సూర్యుడి చుట్టూ పసుపు వలయం గట్టి అంచుతో కనబడితే అక్కడ ఎరుపు పొంగి పోయిందన్నమాట. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే ఇంకా వికారంగా తేలుతుంది, తగ్గించాలి. నేలను మరీ లేపితే ఉదయం పదింటికి తీసినట్టు ఉంటుంది, వెలుగు వెనక నుంచి వస్తున్నప్పుడు ముందున్నవి కొంత చీకటిగా ఉండడమే నిజం. తోట ఫోటోల్లో మొత్తం శాచురేషన్ జోలికి పోకుండా ఆకుపచ్చను ఒక్కదాన్నే పదో వంతు తగ్గించి చూడండి, పువ్వు తనంతట తానే ముందుకొస్తుంది.

కార్డు ఖాళీ చేసే ముందు ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి, మూడో నకలు వేరే చోట. ఫోల్డర్ పేరులో తేదీతో పాటు చోటు, సూర్యుడు నిజంగా కనబడిన సమయం, అప్పటి దిక్కు డిగ్రీల్లో రాసి పెట్టండి. జూన్ 21 చుట్టూ మలుపు తిరిగి సూర్యుడు వచ్చిన దారినే వెనక్కి వస్తాడు కాబట్టి మేలో కుదిరిన ఫ్రేము జులైలో మళ్లీ దొరుకుతుంది. మే 20న చెట్ల మధ్య కనబడిన బింబం కోసం జులై 23-24 తేదీల్లో అదే చోట ట్రైపాడ్ పెట్టుకోవచ్చు.